చర్మ క్యాన్సర్‌కు లేజర్ చేసి కీమో క్రీమ్ పెడదామన్నారా? ముందు, ఆ రోజు, ఇంటికొచ్చాక ఏం చేయాలి

వీపు మీదో కాలి మీదో ఉన్న మచ్చకు బయాప్సీ చేశారు. తొలి దశ చర్మ క్యాన్సర్ అని తేలింది. "కోత వద్దు, లేజర్ చేసి పైన కీమో క్రీమ్ పెడదాం" అన్నారు డాక్టర్. ఇలాంటప్పుడు కీమో అన్న మాటకు గుండె జారుతుంది, లేజర్ అన్న మాటకు ప్రాణం లేచొస్తుంది. నిజానికి ఆ భయమూ ఎక్కువే, ఆ ఆశా ఎక్కువే. ఈ కీమోకు సెలైన్ ఎక్కించరు, జుట్టు ఊడదు. అలాగని లేజర్ క్యాన్సర్‌ని చంపేయదు. చంపేది మందు. లేజర్ చేసేది ఆ మందుకు దారి తీయడం వరకే. ఇది గుర్తుంటే డాక్టర్‌ని ఏం అడగాలో, ఇంట్లో ఏం చూసుకోవాలో సగం మీకే అర్థమైపోతుంది.

అసలు ఏం చేస్తారు

మన చర్మానికి అన్నిటికన్నా పైన చచ్చిన కణాల పొర ఒకటి ఉంటుంది. మందం వెంట్రుకంత కూడా ఉండదు గానీ, నీళ్లలో కరిగే మందుల్ని లోపలికి సరిగా పోనివ్వదు. చర్మ క్యాన్సర్‌కు ఎక్కువగా వాడే పూత మందు 5-ఫ్లోరోయురాసిల్, డాక్టర్లు 5-ఎఫ్‌యూ అనేస్తారు, అలాంటిదే. అందుకే లేజర్ లేకుండా రాసేటప్పుడు రోజుకు రెండుసార్లు చొప్పున వారాల తరబడి రాయాలి. పైపై బేసల్ సెల్ క్యాన్సర్‌కైతే (చర్మ క్యాన్సర్లలో మెల్లగా పెరిగే ఒక రకం) మూడు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి పది పన్నెండు వారాలు కూడా పడుతుంది. మధ్యలో మంట భరించలేక మానేసేవాళ్లు చాలామంది.

ఫ్రాక్షనల్ లేజర్ ఈ పొరను మొత్తంగా గీకేయదు. కంటికి ఆనని సన్నటి రంధ్రాలు వరుసగా వేస్తుంది, వాటి మధ్య చర్మాన్ని అలాగే వదిలేస్తుంది. ఎండి బిగుసుకుపోయిన మడిలో నీళ్లు పైనే నిలబడిపోతే గునపంతో పోట్లు పొడిచి లోపలికి దించినట్టు, ఆ రంధ్రాల గుండా మందు దిగుతుంది. మధ్యలో మిగిలిన మంచి చర్మం నుంచే గాయం త్వరగా మానుతుంది.

దీనికి ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దాన్ని కనిపెట్టిన కుమార్ పటేల్ మన దేశంవాడే, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టాడు. చర్మాన్ని ఇలా చుక్కలు చుక్కలుగా కాల్చే పద్ధతిని 2004లో మాన్‌స్టీన్, ఆండర్సన్ అనే ఇద్దరు బోస్టన్ పరిశోధకులు ప్రపంచం ముందు పెట్టారు. అది మొదట అందం కోసమే. ఆ రంధ్రాల్లోంచి మందు పంపవచ్చని 2010లో డెన్మార్క్‌కు చెందిన మెరెటె హేడర్స్‌డాల్ బృందం పందుల చర్మం మీద చూపించింది. 5-ఎఫ్‌యూ వీటన్నిటికన్నా పాతది, 1957 నాటిది. అంటే మందు పాతదే, లేజరూ పాతదే. కొత్తది ఈ రెండింటి జోడింపు.

మొదటి పని: బయాప్సీ రిపోర్టు చేతిలోకి తీసుకోండి

బయాప్సీ లేకుండా ఏ మచ్చనూ లేజర్‌తో కాల్పించుకోవద్దు. చిన్న ఊళ్లలో సైతం ఇప్పుడు స్కిన్ క్లినిక్కులు వచ్చేశాయి, పుట్టుమచ్చో పులిపిరో తీసేయమంటే పావుగంటలో కాల్చి పంపిస్తున్నారు. మన రంగు చర్మంలో బేసల్ సెల్ క్యాన్సర్ చాలాసార్లు నల్లగా, నిగనిగలాడుతూ అచ్చం పుట్టుమచ్చలాగే ఉంటుంది. కాల్చేస్తే పరీక్షకు ముక్క మిగలదు. పైన మాని, లోపల పెరుగుతుంది. ఇంకో రకం మోసం కూడా ఉంది. బోవెన్స్ డిసీజ్ అనే తొలి దశ స్క్వామస్ క్యాన్సర్ ఎర్రగా, పొట్టు రాలుతూ తామరలా కనిపిస్తుంది. నెలల తరబడి తామర ఆయింట్‌మెంట్ రాసినా తగ్గని ఒకే ఒక్క మచ్చ ఉంటే దాని మీద అనుమానం పెట్టుకోవాల్సిందే.

చీర కట్టేవాళ్లు నడుము దగ్గర లంగా బొందు ఒరుసుకునే చోటు కూడా చూసుకోవాలి. ఏళ్ల తరబడి ఒరిపిడితో నల్లబడి, పుండు పడి, అది క్యాన్సర్‌గా మారిన కేసులు మన దేశంలో నమోదయ్యాయి. పంచె బిగించి కట్టేవాళ్లలో ఇలాగే రావడాన్ని ఖనోల్కర్, సూర్యాబాయి అనే వైద్య పరిశోధకులు 1945లోనే రాశారు. పాత కాలిన మచ్చ మీద మానని పుండూ ఇదే కోవలోకి వస్తుంది. ఇలాంటివి చాలామటుకు లోతుగా పాకే రకాలు, వీటికి క్రీముతో పని జరగదు.

రిపోర్టులో మూడు మాటలు వెతకండి. క్యాన్సర్ పేరేమిటి. పైపైనే ఉందా, లోపలికి దిగిందా. అంచుల గురించి, నరాల గురించి ఏమన్నా రాశారా. "సూపర్‌ఫిషియల్" లేదా "ఇన్ సైటూ" అని ఉంటే ఈ చికిత్స గురించి మాట్లాడుకోవచ్చు. "ఇన్‌ఫిల్ట్రేటివ్", "మార్ఫియాఫార్మ్", "ఇన్వేసివ్" అని ఉంటే ఆపరేషన్ గురించే మాట్లాడాలి. మెలనోమా (రంగునిచ్చే కణాల్లో పుట్టే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్) అని ఉంటే ఈ వ్యాసం మీకు కాదు, వెంటనే క్యాన్సర్ సర్జన్ దగ్గరికి వెళ్లండి. మన వాళ్లలో అది అరికాళ్లలో, గోళ్ల కింద వస్తుంటుంది. దానికి లేజర్ అన్న ఆలోచనే ప్రమాదం.

అనుమానం ఉంటే రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా ల్యాబ్ నుంచి స్లైడ్లు, మైనపు బ్లాకులు అడిగి తీసుకోండి. హైదరాబాద్ ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆస్పత్రిలోనో, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలోనో రెండో అభిప్రాయం తీసుకోవాలంటే వాటితోనే పని.

రెండో పని: ఇది మీకు సరిపోతుందా అని నిలదీసి అడగండి

అడిగితే డాక్టర్‌కు కోపం వస్తుందేమోనని మొహమాటపడకండి. ఈ చికిత్సలో మొహమాటానికి చోటు లేదు. ఎందుకంటే ఇది ఇంకా మామూలు వాడుకలోకి పూర్తిగా రాలేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 5 శాతం 5-ఎఫ్‌యూ క్రీమ్‌ను పైపై బేసల్ సెల్‌కు అనుమతించింది నిజమే. అదీ మచ్చలు చాలా ఉన్నప్పుడో, కోతకు వీలుకాని చోట ఉన్నప్పుడో, మామూలుగా చర్మం మీద రాయడానికి. లేజర్ రంధ్రాల్లోకి పంపడం ఆ అనుమతిలో లేదు. డాక్టర్లు తమ విచక్షణతో చేస్తారు.

కొన్ని అంకెలు చెబితే విషయం తేలికవుతుంది. నెదర్లాండ్స్‌లో పైపై బేసల్ సెల్ ఉన్న 601 మందికి మూడు రకాల చికిత్సలు పంచి ఇచ్చి ఐదేళ్లు చూశారు. 5-ఎఫ్‌యూ క్రీమ్ రాసినవాళ్లలో సుమారు 70 శాతం మందికి క్యాన్సర్ తిరిగి రాలేదు. ఇమిక్విమాడ్ అనే ఇంకో క్రీముతో అది సుమారు 80 శాతం, మందు రాసి దాని మీద వెలుగు పడేసే చికిత్సతో సుమారు 63 శాతం. ఇవన్నీ లేజర్ లేకుండా. మామూలు కోత ఆపరేషన్‌లో చిన్న బేసల్ సెల్ తొలిసారే తీసేస్తే 95 శాతం దాకా, పొర పొరగా తీసి అప్పటికప్పుడే మైక్రోస్కోప్ కింద చూసే మోస్ సర్జరీలో 99 శాతం దాకా నయమవుతుంది. లేజర్ జోడిస్తే క్రీమ్ బాగా పనిచేస్తుందని తేలింది గానీ, ఆ అధ్యయనాలు చిన్నవి, చూసిన కాలమూ తక్కువే.

కాబట్టి నా లెక్క సూటిగా చెబుతాను. మచ్చ చిన్నది, కుట్లు సులువుగా పడే చోట ఉంది, మనిషి ఆరోగ్యంగా ఉన్నారు అంటే కోతే మేలు. లేజర్ క్రీమ్ ఎవరికంటే, ఒంటి మీద పైపై మచ్చలు చాలా ఉన్నవాళ్లకు, మోకాలి కింద కుట్లు మానడం కష్టమైన పెద్దవాళ్లకు, గుండె జబ్బుతోనో మరే కారణంతోనో ఆపరేషన్ వద్దన్నవాళ్లకు. ముక్కు, కనురెప్పలు, పెదవులు, చెవుల చుట్టూ ఉన్నవి క్యాన్సర్ మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువున్న చోట్లు. అక్కడ "మచ్చ పడకుండా లేజర్ చేస్తాం" అంటే మాత్రం లేచి వచ్చేయండి. ఒకసారి తీసినా మళ్లీ వచ్చినవాళ్లూ, కిడ్నీ మార్పిడి అయ్యి రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లూ తొందరపడి దీనికి ఒప్పుకోవద్దు.

అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి. ఏ లేజర్, కార్బన్ డయాక్సైడా, ఎర్బియమా? ఏ మందు, ఎంత శాతం? లేజర్ ఎన్నిసార్లు, కట్టు ఎన్ని రోజులు? ఇప్పటిదాకా క్యాన్సర్‌కు ఎంతమందికి చేశారు (మొటిమల గుంటలకు చేసిన అనుభవం లెక్కలోకి రాదు)? పూర్తిగా పోయిందని ఎలా తేలుస్తారు? ఆఖరి ప్రశ్నకు "చూస్తే తెలిసిపోతుంది" అన్నది సరైన జవాబు కాదు. ఇన్సూరెన్స్ ఉంటే డబ్బు ఇస్తారో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. లేజర్ అన్న మాట కనబడితే కంపెనీలు అందం ఖాతాలో వేసేస్తుంటాయి.

మూడో పని: చికిత్సకు ముందు దాచకుండా చెప్పాల్సినవి

గర్భంతో ఉన్నా, పిల్లల కోసం చూస్తున్నా, బిడ్డకు పాలిస్తున్నా చెప్పాలి. 5-ఎఫ్‌యూ గర్భిణులకు పనికిరాదు.

డీపీడీ అనే ఎంజైమ్ లోపం కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. 5-ఎఫ్‌యూని ఒంట్లో విరగ్గొట్టేది ఆ ఎంజైమే. అది లేనివాళ్లకు మందు కొంచెం రక్తంలో కలిసినా విషమవుతుంది. మామూలు పూతలో రక్తంలోకి పోయేది బహు తక్కువ. లేజర్ తర్వాత అడ్డుపొర పోయింది కాబట్టి ఆ లెక్క మారుతుంది. ఇంట్లో ఎవరికైనా గతంలో కీమో ఇస్తే నోరంతా పుండ్లు పడి, విరేచనాలతో ప్రాణం మీదికి వచ్చిన సందర్భం ఉంటే తప్పక చెప్పండి.

గాయాలు ఉబ్బి గడ్డకట్టే కీలాయిడ్ గుణం, మొటిమలకు వేసుకున్న ఐసోట్రెటినాయిన్ మాత్రలు, రక్తం పలచబడే మందులు, షుగర్, మత్తు ఇంజెక్షన్ పడకపోవడం, జ్వరం వస్తే పెదవి మీద పొక్కులు రావడం, ఇవి కూడా చెప్పాలి. పొక్కుల చరిత్ర ఉంటే ముఖం దగ్గర లేజర్ చేసే ముందు వైరస్‌ను అడ్డుకునే మాత్రలు ఇస్తారు. రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. గుండె డాక్టర్‌ని అడగకుండా ఆపితే ఈ మచ్చకన్నా పెద్ద ప్రమాదం కొని తెచ్చుకున్నట్టే.

వెళ్లే ముందు కొన్ని వారాలు ఎండకు నల్లబడకుండా చూసుకోండి. చర్మం రంగెక్కి ఉంటే లేజర్ తర్వాత నల్లమచ్చలు ఎక్కువగా పడతాయి.

ఆ రోజు

ఆ చోట క్రీమ్, నూనె, పౌడర్ ఏమీ రాసుకోకుండా వెళ్లండి. వదులైన పాత నూలు బట్టలు మంచివి. మత్తు క్రీమ్ పూసి అరగంటో గంటో ఉంచుతారు, లేదా చిన్న మత్తు సూది వేస్తారు. మీ కళ్లకు రక్షణ అద్దాలు పెడతారు. పెట్టడం మరిచిపోతే మీరే గుర్తుచేయండి. లేజర్ కొన్ని నిమిషాలే. వెంట్రుక కాలిన వాసన వస్తుంది, పొగ పీల్చే గొట్టం పక్కనే ఉంటుంది. చివర్లో సూది మొనల్లాంటి రక్తపు చుక్కలు కనిపిస్తాయి, కంగారుపడొద్దు.

గమనించాల్సింది ఆ తర్వాతి అడుగు. రంధ్రాలు తెరుచుకుని ఎక్కువసేపు ఉండవు, కొద్దిసేపటికే ద్రవం, గడ్డకట్టే పదార్థం చేరి పూడుకుపోవడం మొదలవుతుంది. అందుకే మందు వెంటనే, అక్కడే, శుభ్రమైన చేతులతో పెట్టి కట్టు కట్టాలి. "క్రీమ్ రాసిస్తాం, సాయంత్రం ఇంట్లో రాసుకోండి" అంటే లేజర్ ఖర్చు దండగే. 2015లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో ఒంటి మీద, కాళ్లూ చేతుల మీద ఉన్న పైపై క్యాన్సర్లకు ఒక్కసారి లేజర్ చేసి ఏడు రోజులు కట్టు కింద 5-ఎఫ్‌యూ ఉంచారు. మీ డాక్టర్ పద్ధతి వేరుగా ఉండవచ్చు. కోపెన్‌హేగన్‌లో లేజర్ తర్వాత సిస్‌ప్లాటిన్ ద్రావణం కూడా వాడి చూశారు. అది ఇంకా పరిశోధన దశలోనిదే.

ఇంట్లో

కట్టు మార్చేది మీరైనా, ఇంట్లోవాళ్లైనా చేతికి గ్లవ్స్ ఉండాలి. గర్భిణులు ఆ పని చేయకూడదు. క్రీమ్ చెప్పిన చోటే, చెప్పినంతే. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గుతుందన్న ఆలోచన ఇక్కడ పనికిరాదు. గ్లవ్స్ తీశాక కూడా చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చేతులు కళ్లకు తగలనివ్వద్దు.

వాడిన దూది, కట్టు, ట్యూబు రెండు కవర్లలో మూటకట్టి పారేయండి. ఇంట్లో కుక్క ఉంటే ఇంకా జాగ్రత్త. మనం పట్టించుకోనంత కొంచెం 5-ఎఫ్‌యూ నాకినా, ట్యూబు కొరికినా కుక్క ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. పిల్లికీ అంతే. వీధి కుక్కలు తిరిగే చెత్తకుండీలో ట్యూబు విసిరేయడం కూడా తప్పే. దిండు గలీబు, తువ్వాలు విడిగా ఉతకండి.

రెండు మూడు రోజులకు ఎర్రబడుతుంది, మండుతుంది. ఆపై పొర ఊడి పచ్చిపుండులా అయి, పక్కు కడుతుంది. చూడ్డానికి భయంగానే ఉంటుంది. మందు పనిచేస్తున్న గుర్తు అదే. పక్కు గిల్లొద్దు. డాక్టర్ చెప్పిన రోజు నుంచి వాజిలిన్ లాంటిది పలచగా రాస్తూ తడి ఆరకుండా ఉంచితే రెండు నుంచి నాలుగు వారాల్లో మానుతుంది, కాళ్ల మీద ఇంకొంచెం ఆలస్యం. పసుపు, కొబ్బరినూనె, పౌడర్, ఆకుపసరు ఏదీ పెట్టొద్దు. అడ్డుపొర లేని చర్మంలోకి మందు ఎంత సులువుగా దిగుతుందో మురికీ అంతే సులువుగా దిగుతుంది.

పథ్యం గురించి కూడా ఒక మాట. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర దురద అని పెద్దవాళ్ల నోరు కట్టేస్తుంటారు. గాయం మానాలంటే కావలసినవే పప్పు, గుడ్డు, పెరుగు. వాళ్లు తినగలిగింది తిననివ్వండి. షుగర్ ఉంటే అది అదుపులో ఉంచడమే అసలు పథ్యం.

ఈ పద్ధతి గురించి చదివి, డెర్మా రోలర్ (చిన్న సూదులున్న రోలర్) కొని, మెడికల్ షాపులో క్రీమ్ తెచ్చుకుని ఇంట్లో ప్రయత్నించాలనుకునేవాళ్లు కూడా ఉంటారు. వద్దు. ఎంత లోతు పోయిందో తెలియదు, ఎంత మందు రక్తంలో కలిసిందో తెలియదు, పైన మానిపోయి లోపల మిగిలిన క్యాన్సర్ ఎక్కడుందో అసలే తెలియదు.

వెంటనే ఫోన్ చేయాల్సినవి

ఎర్రదనం కట్టు దాటి పాకడం, చీము, చెడు వాసన, జ్వరం, నాలుగో రోజు తర్వాత కూడా నొప్పి పెరుగుతూ పోవడం, గుంపుగా నీటి పొక్కులు రావడం. ఇవి ఇన్ఫెక్షన్ లక్షణాలు, ఆ రోజే చూపించాలి.

నోట్లో పుండ్లు, ఆగని విరేచనాలు, వాంతులు, విపరీతమైన నీరసం వస్తే క్రీమ్ కడిగేసి నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. డ్యూటీ డాక్టర్‌కు ఇది చర్మానికి రాసే కీమో మందు వల్ల కావచ్చని మీరే నోరు తెరిచి చెప్పాలి. లేకపోతే తిన్నది పడలేదనుకుని సెలైన్ పెట్టి పంపించేస్తారు. ట్యూబు వెంట తీసుకెళ్లండి.

మానిన తర్వాత

కొత్త చర్మం మొదట గులాబీ రంగులో ఉండి, తర్వాత మన రంగువాళ్లకు నల్లబడుతుంది. కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా మానాకే సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువది. పొలం పనికి, బండి మీద తిరిగే పనికి వెళ్లేవాళ్లకు క్రీముకన్నా నిండు చేతుల చొక్కా, తలగుడ్డ నమ్మకమైనవి.

పైన మానిందంటే క్యాన్సర్ పోయిందని కాదు. ఈ చికిత్సలో అందరూ పొరబడేది ఇక్కడే. ఆపరేషన్‌లో తీసిన ముక్క అంచులు ల్యాబ్ చూస్తుంది, క్రీమ్ చికిత్సలో ల్యాబ్‌కు వెళ్లేది ఏమీ ఉండదు. కాబట్టి వాపు, ఎర్రదనం తగ్గాక, సాధారణంగా మూడు నెలల లోపు, డెర్మటోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దదిగా చూపించే పరికరం) చూడమనండి. ఏమాత్రం అనుమానం ఉన్నా మళ్లీ బయాప్సీ అడగండి. క్యాన్సర్ మిగిలితే రెండోసారి లేజర్‌కు ఒప్పుకునే ముందు సర్జన్‌ను కలవండి.

తర్వాత ఆరు నెలలకోసారో, ఏడాదికోసారో, కనీసం ఐదేళ్లు చూపించుకోవాలి. ఒకసారి చర్మ క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఇంకోచోట వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువ. అందుకని వెళ్లిన ప్రతిసారీ ఆ ఒక్క మచ్చే కాకుండా వీపు, అరికాళ్లు, తల మీద చర్మం కూడా చూడమనండి. చికిత్సకు ముందు ఆ చోటును పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఉంచుకోండి. మానాక అసలు మచ్చ ఎక్కడుండేదో, ఎంత ఉండేదో డాక్టర్‌కే గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఊరు మారినా, డాక్టర్ మారినా ఆ ఫోటో, బయాప్సీ రిపోర్టు, వాడిన లేజర్ పేరు, మందు శాతం రాసిన కాగితం ఒకే ఫైల్లో ఉండాలి.